ఆప్షన్ల వరస

ముమ్మిడివరం నెట్ సెంటర్లో
ఫ్యాను నాలుగు చుట్లు తిరిగి ఒక చుట్టు ఆలోచిస్తోంది.
మా పిన్ని కూతురు సువార్త ఆప్షన్లు పెట్టుకుంటోంది.
పదిహేడు లా కాలేజీలు, ఒకటే వేలు.
"అక్కా, ఏది ముందు?"

నేను చదివింది ఏటి అవతల, రేకుల కప్పు కింద.
కాంట్రాక్టు చట్టం చెప్పే మాస్టారు
వానొస్తే ఆగిపోయేవారు, ఆ చప్పుడుకి.
అందుకే నష్టపరిహారం పాఠం
నాకు ఇప్పటికీ సగమే వచ్చు.

ఏ కాలేజీ అని ఎవరూ అడగరే, అని చెబుదామనుకున్నాను.
అబద్ధం. అడిగారు.
హైకోర్టు దగ్గర ఒక పెద్ద లాయరు ఆఫీసులో
నా సర్టిఫికెట్ తిరగేసి,
వెనక ఇంకేమైనా రాసుందేమోనన్నట్టు చూసి,
"కబురు చేస్తాం" అన్నారు.
నాలుగేళ్ళయింది. ఆ కబురింకా బస్సు దిగలేదు.

ఇక్కడ అమలాపురం కోర్టులో మాత్రం
"ఫీజు కొబ్బరి దింపు అయ్యాక ఇస్తానమ్మా, ఆయ్"
అదొక్కటే ఇంటర్వ్యూ.
మా సీనియరు గారి బోర్డు మీద
బి.ఎల్.లో ఎల్ చెరిగిపోయి పదేళ్ళు.
మిగిలిన బి తోనే నెగ్గుకొస్తున్నారు.

పోయిన ఏడాది పెసింగి ఏడుకొండలు వచ్చాడు.
లంకలో ఎకరం ఇరవై సెంట్లు.
దస్తావేజు ఉంది, పాసుపుస్తకం ఉంది,
తాత నాటి శిస్తు రసీదులున్నాయి,
భూమి లేదు.
సర్వే నంబరు ఏట్లో ఉంది.
"అటుపక్క తేలిందమ్మా, అది నాదే.
మట్టి వాసన చూస్తే తెలీదా?"
వాసనని ఏ సెక్షన్ కింద దాఖలు చెయ్యాలో
రేకుల కింద చెప్పలేదు. ఎక్కడా చెప్పరనుకుంటాను.

అటువైపు లాయరు హర్షిత్.
చాలా పేరున్న లా స్కూలు. గేటు దాటాక అరమైలు పచ్చగడ్డేనట.
మేనమామ తగాదా కాబట్టి వచ్చాడు గానీ
లేకపోతే మా కోర్టు మెట్లెందుకు ఎక్కుతాడు.
లేచి నిలబడి, ఏరు మింగి ఏరు కక్కిన నేల గురించి
మూడు దేశాల తీర్పులు చెప్పాడు, కాగితం చూడకుండా.
జడ్జి గారు కలం కింద పెట్టి విన్నారు.
నేనూ విన్నాను. కడుపు మండింది,
చెవి మాత్రం చల్లబడింది.
బయటికొచ్చాక ఏడుకొండలు నా వైపు చూడకుండా
"కుర్రోడు బాగా మాట్టాడేడమ్మా."

తర్వాత క్యాంటీన్లో ఆ కుర్రోడే
రికార్డు కాపీ పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చాడు.
"మేడమ్, ఈ మాట ఏంటి?"
బోదె.
పంట బోదె వేరు, మురుగు బోదె వేరు అని చెప్పాను.
ఒకటి ఎక్కడ ఆగి రెండోది ఎక్కడ మొదలవుతుందో
దాని మీదే వాళ్ళ మామయ్య కేసు సగం నిలబడిందని
చెప్పలేదు.
అతను మాత్రం అడక్కుండానే
ఆ మూడు తీర్పుల నంబర్లు టీ బిల్లు వెనక రాసిచ్చాడు.
ఎవరు ఎవరికి బాకీనో ఇంకా తేలలేదు.
కేసూ తేలలేదు.

"అక్కా! గంటకి ముప్పై, టైము అయిపోతోంది."

పెద్దది ముందు పెట్టు సువార్తా.
ఆ పేరున్నోడు ఊరికే నిలబడ్డా కుర్చీ వేస్తారు.
మనం కుర్చీ ఎక్కడుందో అడిగి తెచ్చుకోవాలి,
మన పేట నుంచి వెళ్ళేవాళ్ళకి మరీను.
హాస్టలు ఫీజు చూడు. స్కాలర్షిప్ ఏ నెలలో పడుతుందో చూడు.
దగ్గర్లో ఏదైనా చిన్న కోర్టుకి
బస్సుందో లేదో కూడా చూడు.
ఆ గడ్డి మీద కూర్చున్నప్పుడు
బోదె అన్న మాట మర్చిపోకు.

ఇంత చెప్పాలని ఉంది.
"ఆ మూడోది పైకి జరుపు" అన్నాను, అంతే.

జరిపింది. సేవ్ నొక్కింది. కరెంటు పోయింది.

నెట్ సెంటరాయన జనరేటరు తాడు లాగుతున్నాడు.
ఫోను మోగింది. ఏడుకొండలు.
"అమ్మా, రాత్రి ఏరు మళ్ళీ కోసిందండి.
అవతల తేలిందీ సగం పోయింది.
ఇప్పుడు కేసు దేని మీదమ్మా?"

ఫోను వెలుతుర్లో సువార్త నా మొహంలోకి చూస్తోంది,
ఇది చెప్పే కాలేజీ ఏదో
నన్నడిగి రాసుకుందామన్నట్టు.